2024–25 వార్షిక నివేదిక: వ్యాపారం మనది, కాగితం కూడా మన పేరు మీదే

మన మహిళా సంఘం సభ్యులందరికీ నమస్కారం.

మే నెల ఎండలకు ఒక్కసారి తప్ప నెలవారీ సమావేశాలన్నీ జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి విడిగా చదివి వినిపిస్తారు. ఈ ఏడాది మనం ఎక్కువగా తిరిగింది ఒక్క పని మీదే. కష్టం ఆడవాళ్లది, కాగితాలు మగవాళ్ల పేరు మీద ఉన్న వ్యాపారాలు మన అనంతపురంలో ఎన్నో. వాటిని అసలు మనిషి పేరు మీదికి తేవాలనుకున్నాం.

జొన్నరొట్టెలు చేసి అమ్మే మన సభ్యురాలి సంగతే చూడండి. పిండికి ఎసరు నీళ్లు ఎన్ని పోయాలో, పెనం మీద రొట్టెకు తడిగుడ్డ ఎప్పుడు అద్దాలో ఆమె చేతికి కొలత అక్కర్లేకుండా తెలుసు. ఇద్దరు ఆడవాళ్లకు రోజుకూలి ఇస్తున్నారు. అయినా రుణానికి వెళ్తే బ్యాంకులో మొదటి మాట, "మీ ఆయన రాలేదా అమ్మా?" ఆమె మారు మాట్లాడకుండా తిరిగొచ్చేశారు. ఆ మాట విన్నప్పుడు మాకందరికీ కడుపు రగిలింది.

చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ గుర్తింపు ఇచ్చే ఉద్యమ్ నమోదు ఆమె ఆధార్ మీదే చేయించాం, దానికి రుసుమే లేదు. తినుబండారాల వ్యాపారానికి కావలసిన ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ కూడా తీసుకున్నాం. రెండోసారి బ్యాంకుకు కార్యవర్గం నుంచి ఇద్దరం వెంట వెళ్లాం. చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర పథకం రుణానికి తాకట్టు అడగకూడదని అక్కడ మేమే గుర్తు చేయాల్సి వచ్చింది. అందులో అన్నిటికన్నా చిన్న రుణాలదైన శిశు విభాగంలో 50,000 రూపాయలు మంజూరయ్యాయి. ముందు రాత్రి రొట్టెలు చుట్టే పేపరు మీద సంతకం రాసి రాసి చూసుకున్నానని ఆమె చెప్పినప్పుడు మా కళ్లు చెమర్చాయి.

పెద్ద రుణమైతే తాకట్టుకు ఆస్తి మాట వస్తుంది. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు ఇస్తూ మన రాష్ట్రం 1986లోనే చట్టం తెచ్చింది. కేంద్ర చట్టం మారింది 2005లో. ఇంత ముందున్న రాష్ట్రంలో ఇప్పటికీ పసుపు కుంకుమల కింద ఏదో ఇచ్చి, ఆస్తిలో హక్కు వదులుకున్నట్టు విడుదల పత్రం రాయించుకునే ఇళ్లున్నాయి. చదవకుండా దేని మీదా సంతకం పెట్టొద్దని ప్రతి సమావేశంలో చెబుతున్నాం.

బట్టల దుకాణాల్లో, ఆసుపత్రుల్లో పనిచేసే సభ్యుల కోసం 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం గురించి న్యాయవాదితో మాట్లాడించాం. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండి తీరాలి. అంతకన్నా చిన్న దుకాణమైతే జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఈ రెండో సంగతి ఆ రోజు వచ్చినవాళ్లలో చాలామందికి కొత్త.

టైలరింగ్ చేసే అక్కచెల్లెళ్ల నమోదులు మిగిలిపోయాయి, ఆ తప్పు కార్యవర్గానిదే. వచ్చే సమావేశానికి ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు తెచ్చుకోండి. అక్కడే కూర్చుని పూర్తి చేద్దాం.

– కార్యదర్శి