చెన్నై రీఫర్ బండ్లు (సరుకును చల్లగా ఉంచి మోసే లారీలు) నడిపే అన్నలకు, తమ్ముళ్లకు

ఎండలు ముదిరాయి, లోడింగ్ దగ్గర గొడవలూ మొదలయ్యాయి. నెల్లూరు నుంచి ఫ్రోజెన్ రొయ్యలు ఎక్కించేవాళ్లు ముఖ్యంగా చదవండి. రీఫర్ యూనిట్, అంటే బండికి బిగించిన చల్లబరిచే మిషన్, ఉన్న చలిని నిలబెట్టడానికే గానీ, మెత్తబడిన సరుకును మళ్లీ గడ్డకట్టించడానికి కాదు. ఈ సంగతి కొందరు సూపర్‌వైజర్లకు ఎంత చెప్పినా ఎక్కదు! బండి బాక్సును లోడింగ్‌కు ముందే చల్లబరచండి. తలుపు తెరిచేటప్పుడు యూనిట్ ఆపండి, లేకపోతే బయటి తేమ గాలిని లోపలికి లాగి, యూనిట్‌లో గాలిని చల్లబరిచే గొట్టాల (కాయిల్) మీద మంచు పేరుకుంటుంది. డిస్‌ప్లేలో కనిపించేది గాలి టెంపరేచరే. సరుకు ఎంత చల్లగా ఉందో తెలియాలంటే అట్టపెట్టెల మధ్య ప్రోబ్ (పుల్లలాంటి థర్మామీటర్) పెట్టి చూడండి. మైనస్ 18 డిగ్రీల కంటే వెచ్చగా ఉంటే ఆ అంకె బిల్లు మీద రాయించి, ఫొటో తీసి ఓనర్‌కు పంపాకే సంతకం పెట్టండి. "పర్లేదు బాబూ, దారిలో సర్దుకుంటుంది" అంటే నమ్మొద్దు. రేపు చెన్నై మాధవరంలో సరుకు దించుకోకుండా తిప్పి పంపితే అడిగేది మనల్నే.

పైకప్పు దాకా పేర్చనివ్వకండి, గాలి తిరగాలి. పెరుగు, ఐస్‌క్రీమ్ ఒకే బండిలో అంటే మధ్యలో పార్టిషన్ ఉంటేనే ఒప్పుకోండి.

రెడ్‌హిల్స్ వైపు రాత్రి ఆగేవాళ్లు యూనిట్ డీజిల్ చూసుకుని పడుకోండి. ట్యాంకు వేరుగా ఉన్న బండ్లలో మర్చిపోతుంటాం. కొత్త తమ్ముళ్లకు ప్రోబ్ కావాలంటే గ్రూప్‌లో అడగండి, నా దగ్గర ఒకటి అదనంగా ఉంది.