సమానం గుర్తుకు రెండు అర్థాలా?

సంపాదకులకు నమస్కారం.

కడపలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ని. మొన్న ఇంజనీరింగ్ చదివే మనవరాలి పక్కన కూర్చుంటే, ఆమె సీ అనే కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రామ్‌లో ‘ఎక్స్ = ఎక్స్ + 1’ కనబడింది. నా తరగతిలో ఎవరైనా అలా రాస్తే పెద్ద సున్నా చుట్టేవాణ్ని! అది సమీకరణం కాదట. కుడివైపు విలువను ఎడమవైపు పేరుకు కట్టబెట్టమనే ఆజ్ఞ అట. 1957 నాటి ఫోర్ట్రాన్ అనే కంప్యూటర్ భాషలోనే ఈ వాడుక ఉంది. ఆల్గాల్, పాస్కల్ భాషలు లెక్కల మాస్టర్ల మీద దయ తలచి ముందు రెండు చుక్కలు చేర్చి ‘:=’ అన్నాయి. సీ మాత్రం విలువ ఇవ్వడానికి ఒక సమానం, పోల్చడానికి రెండు అంది.

చిక్కు అక్కడే. మార్కులు సున్నా అయితే అనడానికి రెండు సమానాలు పెట్టాల్సిన చోట పిల్ల ఒకటే పెట్టి ‘ఇఫ్ (మార్కులు = 0)’ అని రాసింది. ప్రోగ్రామ్ కిక్కురుమనకుండా నడిచింది. సున్నా వచ్చినవాడి పేరు చూపకపోగా, అందరి మార్కులూ సున్నా చేసి కూర్చుంది. గంటసేపు వెతికాం, కాఫీలు చల్లారాయి. ఇదే తప్పు పైథాన్ అనే మరో భాషలో చేస్తే అసలు నడవనే నడవదు. వరుస మొదట్లో ఖాళీ తేడా వచ్చినా ఊరుకోని చాదస్తం దానిది. నాకు ఆ చాదస్తమే నచ్చింది.

మీ విద్యా పేజీలో కోడింగ్ పాఠాలు వేసేటప్పుడు మొదటి వారమే ఈ గుర్తు సంగతి రాయించండి. ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే లూపుల గురించి తర్వాత చెప్పుకోవచ్చు.

– ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు, ఎర్రముక్కపల్లె, కడప