పరీక్షలని ఆట మానకు

చిన్నీ,

పరీక్షలు అయ్యేదాకా సాయంత్రం ఆటకు వెళ్లనని నిన్న ఫోన్లో అన్నావు. చదువు మీద నీకున్న శ్రద్ధకు సంతోషమే. ఆ ఒక్క నిర్ణయం మాత్రం మార్చుకో తల్లీ.

మొన్న నీ లెక్కల పేపరు మళ్లీ తీసి చూశాను. పద్ధతంతా కరెక్టే. మూడో లైన్లో మైనస్ గుర్తు వదిలేశావు, అక్కడి నుంచి జవాబు దారి తప్పింది. నీకు రాక కాదు, ధ్యాస చెదిరింది. ఆ ధ్యాసకీ ఒంటికీ సంబంధం ఉంది. అమెరికాలో చార్లెస్ హిల్‌మన్ అనే పరిశోధకుడి బృందం 2009లో తొమ్మిది, పదేళ్ల పిల్లలను 20 నిమిషాలు ట్రెడ్‌మిల్ మీద నడిపించి, తర్వాత పరీక్ష పెట్టింది. వరుసగా గుర్తులు చూపిస్తారు, మధ్యలోది ఎటు తిరిగి ఉందో చెప్పాలి. పక్కవేమో తికమక పెడుతుంటాయి. ఊరికే కూర్చున్న రోజు కంటే నడిచిన రోజు పిల్లలు తప్పులు తక్కువ చేశారు. చదివింది అర్థం చేసుకోవడంలోనూ మెరుగయ్యారు.

ఫిట్‌గా ఉన్న పిల్లల మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ పెద్దదిగా ఉందని 2010లో ఇంకో పరిశోధన చెప్పింది. అయితే వ్యాయామం వల్లే పెరిగిందని దాన్నిబట్టి అనలేం. అందుకే నాకు 2014 నాటిది ఎక్కువ నమ్మకం కలిగించింది. 7 నుంచి 9 ఏళ్ల పిల్లలు 221 మందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేసి, ఒక జట్టును తొమ్మిది నెలల పాటు బడి అయ్యాక ఆడించారు. ధ్యాస చెదరకుండా పట్టుకోవడంలో, ఒక పని నుంచి ఇంకో పనికి మనసు మళ్లించడంలో ఆ జట్టే ఎక్కువ ముందుకెళ్లింది.

ఆడితే చాలు మార్కులు వస్తాయని చెప్పను. చదవాల్సింది చదవాలి. కానీ గంటల తరబడి కుర్చీకి అతుక్కుపోయి, ఒకే పేజీని మళ్లీ మళ్లీ చదవడం వల్ల వచ్చేదేముంది? 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు అలిసే పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. టైము లేని రోజున అరగంటే ఆడు, పర్లేదు. నిద్ర మాత్రం తగ్గించుకోకు.

రేపు ఆడి వచ్చాక కాళ్లు కడుక్కుని, ముందు లెక్కల పుస్తకమే తియ్యి. ఎలా సాగిందో రాత్రికి ఫోన్ చేసి చెప్పు.

అమ్మ