విక్టోరియా కాలం ఆడవాళ్లకు స్వర్ణయుగమా?

సంపాదకులు గారికి నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండు మీద వచ్చిన వ్యాసం చదివినప్పటి నుంచి నా మనసు కుదుటపడలేదు. సింహాసనం మీద స్త్రీ ఉంది కాబట్టి స్త్రీలకు అది స్వర్ణయుగమని రాయడానికి చెయ్యెలా వచ్చింది? గౌన్లు, టీ విందుల బొమ్మలకు ముప్పావు పేజీ ఇచ్చారు. అప్పటి చట్టం గురించి ఒక్క ముక్క లేదు. ఇంటర్ చదివే మా మనవరాలు దాన్ని అక్షరం పొల్లుపోకుండా ప్రాజెక్టులో ఎక్కించుకుంది.

పెళ్లయిన స్త్రీకి ఆ చట్టం దృష్టిలో వేరే ఉనికే లేదు. ఆమె కూలి డబ్బులు, చేతిలో ఉన్న సొమ్ము, కన్న పిల్లలు, అన్నీ భర్తవే. 1857లో విడాకుల చట్టం తెచ్చినా పక్షపాతం పోలేదు. భార్య వ్యభిచరిస్తే భర్తకు అదొక్కటే చాలు. భర్త వ్యభిచరిస్తే మాత్రం అతను హింసించాడనో, వదిలేసి పోయాడనో కూడా భార్య రుజువు చెయ్యాలి. తన సంపాదన తనదనిపించుకోవడానికి 1870 దాకా, ఆస్తి తన చేతిలో ఉంచుకోవడానికి 1882 దాకా ఆగాల్సి వచ్చింది. రాణిగారు స్వయంగా స్త్రీల హక్కుల ఉద్యమాన్ని ఏవగించుకున్న మనిషి.

కరోలిన్ నార్టన్ పేరు మీ వ్యాసకర్త విన్నారా? పేరున్న రచయిత్రి. భర్త కొట్టేవాడు. 1836లో ముగ్గురు కొడుకుల్నీ ఆమెకు దూరం చేసి, ప్రధాని మెల్‌బోర్న్‌తో సంబంధం అంటగట్టి కోర్టుకెక్కాడు. ఓడిపోయాడు. ఓడినా పిల్లలు అతని దగ్గరే. ఆమె రాసి సంపాదించుకున్న డబ్బు మీద హక్కూ అతనిదే. ఆమె పోరు పెట్టగా పెట్టగా 1839లో, ఏడేళ్ల లోపు పిల్లల కోసం తల్లి కోర్టును అడుక్కునే వీలొచ్చింది. భర్త పిల్లల్ని ఆ చట్టం చెల్లని స్కాట్లండులో ఉంచాడు. 1842లో చిన్నవాడు విలియం గుర్రం మీంచి పడ్డాడు. కబురంది తల్లి వెళ్లేసరికి బిడ్డ లేడు. ఇది రాస్తుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

అంత దూరం ఎందుకు, మదనపల్లె కాలేజీ అనగానే గుర్తొచ్చే అనీబిసెంట్ సంగతే చూడండి. నాస్తికురాలని, సంతాన నియంత్రణ పుస్తకం అచ్చువేసిందని 1878లో కోర్టు ఆమె కూతురు మేబెల్‌ను తీసుకుపోయి తండ్రికి అప్పగించింది. పదేళ్లకు, లండన్ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఆడపిల్లల గోడు లోకానికి చెప్పింది కూడా ఆవిడే. మాట్లాడితే జరిమానా, కాళ్లు మురికిగా ఉంటే జరిమానా. తెల్ల భాస్వరం ఆవిరికి దవడ ఎముకలు కుళ్లిపోయేవి. 1888లో ఆ పిల్లలు సమ్మె కట్టి గెలిచారు. స్వర్ణయుగంలో వీళ్లెవరూ ఆడవాళ్లు కారా?

ఎప్పటి సంగతో మనకెందుకని కొట్టిపారేయకండి. భార్యను కాపురానికి వెళ్లమని కోర్టు ఆదేశించే పద్ధతి మనకు ఆ ఇంగ్లండు నుంచి వచ్చిందే. వాళ్లు 1970లో దాన్ని తీసేశారు. మన హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్‌లో అది ఇంకా ఉంది. 1983లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి గారు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేస్తే, మరుసటి ఏడే సుప్రీంకోర్టు ఆ తీర్పును కాదంది. మీ పత్రిక రాయాల్సింది ఇలాంటివి కదా!

పిల్లలు ఇవన్నీ ఎక్కడ చదువుకోవాలి? ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు ముక్కుపిండి వసూలు చేస్తారు. మా శాఖా గ్రంథాలయంలో చరిత్ర పుస్తకాల బీరువాకు ఏళ్లుగా తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో చెప్పే నాథుడు లేడు. అధికారులకు అర్జీలు పెట్టుకున్నా ఉలుకూ పలుకూ లేదు. ఇక మిగిలింది పత్రికలే. ఒకప్పుడు తెలిసినవాళ్లు చూసి సరిదిద్దాకే ఇలాంటి వ్యాసాలు అచ్చుకెక్కేవి.

సవరణ వేయండి. లోపలి పేజీ మూలన రెండు లైన్లు కాదు, అదే ఆదివారం అనుబంధంలో, ఆ వ్యాసానికి ఇచ్చినంత చోటిచ్చి, నార్టన్ కథతో సహా వేయండి.

ఇట్లు,
విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయిని,
తెనాలి