సివిల్ విద్యార్థికి సలహా కావలసింది సీటు వచ్చిన తరువాత

సంపాదకులకు,

అయ్యా,

ఏటా ఈఏపీసెట్ ఫలితాలు వెలువడి వెబ్ కౌన్సెలింగ్ మొదలయ్యే రోజుల్లో మీ పత్రికతో సహా అన్ని దినపత్రికలూ ఏ ర్యాంకుకు ఏ కళాశాలలో ఏ బ్రాంచి రావచ్చునో పేజీలకు పేజీలు రాస్తాయి. ఆ సమాచారం అవసరమే, కాదనను. అయితే సీటు వచ్చి, ఫీజు కట్టి, తరగతిలో కూర్చున్న తరువాత ఆ విద్యార్థి నాలుగేళ్ల పాటు తీసుకోవలసిన నిర్ణయాల గురించి ఇంట్లోవాళ్లకు తెలియదు, కళాశాలలో చెప్పేవారు అరుదు. సివిల్ ఇంజినీరింగ్ విభాగంలో చాలాకాలం పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసి, ఇప్పటికీ అప్పుడప్పుడు ప్రాజెక్టు వైవాలకు (మౌఖిక పరీక్షలకు) బయటి పరీక్షకుడిగా వెళ్లివస్తున్న నాకు, ఈ లోటు మిగిలిన బ్రాంచిల కంటే సివిల్ పిల్లలను ఎక్కువగా దెబ్బతీస్తోందని అనిపిస్తోంది. నిర్ణయం తీసుకోవలసిన రోజునే, మార్కుల జాబితా ముందు పెట్టుకుని ఒక అధ్యాపకుడు ఒక్కొక్క విద్యార్థితో మాట్లాడే ఏర్పాటు మన అనుబంధ కళాశాలల్లో తప్పనిసరి కావాలన్నదే ఈ లేఖ ఉద్దేశం.

సివిల్‌లో పాఠ్యాంశాలు ఒకదానిపై ఒకటి ఆధారపడి నడుస్తాయి. ఇంజినీరింగ్ మెకానిక్స్ అర్థమైతేనే స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ (ఎస్ఓఎం) బుర్రకెక్కుతుంది. అది వస్తేనే స్ట్రక్చరల్ అనాలిసిస్, ఆ పైన భారతీయ ప్రమాణాల పుస్తకం ఐఎస్ 456 చేత పట్టుకుని చేసే కాంక్రీటు డిజైను, అలాంటిదే అయిన ఐఎస్ 800 ప్రకారం చేసే ఉక్కు డిజైను. ఫ్లూయిడ్ మెకానిక్స్ రానివాడు ఇరిగేషన్‌ను కంఠస్థం చేయవలసిందే. సాయిల్ మెకానిక్స్ వదిలేసినవాడికి పునాదుల డిజైను వట్టి సూత్రాల చిట్టా. సిలబస్ పుస్తకంలో చాలా సబ్జెక్టుల పైన, ముందుగా ఏమి చదివి ఉండాలో ఒక వరుస అచ్చయి ఉంటుంది గానీ, ఆ వరుసను అమలు చేసేవారు లేరు. పై సంవత్సరానికి వెళ్లడానికి నిర్ణీత సంఖ్యలో క్రెడిట్లు ఉంటే చాలు. అవి ఏ సబ్జెక్టుల నుంచి వచ్చాయో ఎవరూ అడగరు. కాబట్టి ఎస్ఓఎం తప్పి, దాన్ని బ్యాక్‌లాగ్‌గా పెట్టుకున్న విద్యార్థి కూడా మూడో ఏడాది కాంక్రీటు డిజైను తరగతిలో నిశ్చింతగా కూర్చుంటాడు. సప్లిమెంటరీ ఫీజు కట్టే సమయంలో, తేలికగా గట్టెక్కే సబ్జెక్టులు ముందు కట్టి, ఎస్ఓఎంను ఆఖరి సెమిస్టరు దాకా నెట్టుకొస్తాడు. అతని దృష్టిలో అది లెక్క ప్రకారం సరైన పనే, ఎందుకంటే ఏ సబ్జెక్టు పోతే దాని వెనుక ఎన్ని పోతాయో అతనికి చెప్పినవారు లేరు. ఫీజు నోటిఫికేషను వచ్చిన వారంలో పది నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడితే ఆ క్రమం తిరగబడుతుంది.

ఇది ఊహించి రాస్తున్న మాట కాదు. ఒక కళాశాలలో వైవాకు వెళ్లినప్పుడు, ఐదంతస్తుల భవనాన్ని స్టాడ్ ప్రో అనే డిజైను సాఫ్ట్‌వేరులో చేసిన ఒక బృందం చక్కని రంగుల బొమ్మలతో నివేదిక తెచ్చింది. అందులో గోడ నుంచి ముందుకు వచ్చిన బాల్కనీ స్లాబు ఉంది. దానికి ప్రధానమైన ఊచలు స్లాబు పైభాగంలో వేయాలా, అడుగున వేయాలా అని అడిగాను. నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి ఒక అబ్బాయి "సాఫ్ట్‌వేరే ఇస్తుంది సార్" అన్నాడు. ఇలా ఒకవైపే ఆధారమున్న కాంటిలీవర్‌లో తన్యత (సాగదీసే బలం) పైభాగంలో వస్తుందనేది ఎస్ఓఎంలో మొదట నేర్పే విషయాల్లో ఒకటి. ఆ ఊచ అడుగున వేస్తే బాల్కనీ ఎవరి నెత్తినైనా పడుతుంది. తరువాత విచారిస్తే ఆ నలుగురిలో ఇద్దరికి ఆ సబ్జెక్టు ఇంకా పాసు కావలసే ఉంది, కానీ నలుగురూ అప్పటికే వేలు పోసి సాఫ్ట్‌వేరు కోర్సు పూర్తి చేశారు. కోర్సు నేర్పినవారిని తప్పుపట్టలేము, అది వారి వ్యాపారం. ముందు ఏది, వెనుక ఏది అని చెప్పవలసింది కళాశాల.

పాలిటెక్నిక్ డిప్లొమా పూర్తిచేసి ఈసెట్ ద్వారా నేరుగా రెండో ఏడాదిలో చేరే పిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మన సివిల్ తరగతుల్లో వీరి సంఖ్య తక్కువేమీ కాదు. వీరికి సర్వే పరికరం పట్టడం వచ్చు, ఎస్టిమేషన్ వచ్చు, సైటు చూసినవారూ ఉంటారు. మొదటి ఏడాది గణితం మాత్రం తోటివారితో కలిసి చదవలేదు. ఇంటర్ నుంచి వచ్చినవారికి ఇచ్చే సలహానే వీరికీ ఇస్తే, వచ్చినదాన్నే మళ్లీ చదివించి, రానిదాన్ని వదిలేసినట్టవుతుంది. వీరికి మొదటి సెమిస్టరులోనే గణితానికి విడిగా తరగతులు పెట్టించి, సర్వేయింగ్ ప్రయోగశాలలో వీరినే తోటివారికి సహాయకులుగా నిలబెట్టవచ్చు. ఇందుకు పైసా ఖర్చు లేదు; ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో చూసి మాట్లాడే మనిషి ఉంటే చాలు.

ఇక ఎలెక్టివ్‌ల (విద్యార్థి ఎంచుకునే సబ్జెక్టుల) విషయానికి వస్తే, సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ 2018లో ఇచ్చిన నమూనా పాఠ్యప్రణాళిక బీటెక్ భారాన్ని 160 క్రెడిట్లకు కుదించి, ఎంపికకు చోటు పెంచింది. కాగితం మీద ఒక్కొక్క ప్రొఫెషనల్ ఎలెక్టివ్‌కు మూడో నాలుగో సబ్జెక్టులు కనిపిస్తాయి. ఆచరణలో చాలా కళాశాలల్లో జరిగేదేమిటో సివిల్ చదివిన ప్రతివారికీ తెలుసు: ఏ అధ్యాపకుడు ఖాళీగా ఉంటే ఆయన చెప్పగలిగిన సబ్జెక్టే తరగతి అంతటికీ ఎలెక్టివ్, క్లాస్ రిప్రజెంటేటివ్ వాట్సాప్ గ్రూపులో పేరు పెడతాడు, అందరూ అదే టిక్కు పెడతారు. కొన్నిచోట్ల ఎంపిక నిజంగానే ఉన్నా, సీనియర్లు "ఇందులో మార్కులు పడతాయి" అన్నదే ప్రమాణం. దీని నష్టం ఇప్పుడు మన కళ్లముందే ఉంది. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ స్తంభాలు కుంగాయి. వరదల్లో పోలవరం వద్ద భూమి లోపల ఊటను ఆపే డయాఫ్రం గోడ దెబ్బతింది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచింది. భూమి లోపల నీటి ఊట, పునాది కింద ఇసుక కొట్టుకుపోవడం, నగరంలో వాననీటి పారుదల అనే ఈ మూడూ సివిల్ పాఠ్యాంశాలే. దేశంలో 5 వేలకు పైగా పెద్ద ఆనకట్టలు ఉన్నాయి, 2021లో డ్యాం భద్రతా చట్టం వచ్చింది, వాటిని తనిఖీ చేసే పని పెరుగుతోందే గానీ తగ్గడం లేదు. ఈ ముక్క మూడో ఏడాది విద్యార్థికి చెప్పి, గ్రౌండ్‌వాటర్ లేదా అర్బన్ హైడ్రాలజీ తీసుకోమని సూచించేవారు ఎందరు? కళాశాలలో ఆ సబ్జెక్టు చెప్పేవారు లేకపోతే ఐఐటీల అధ్యాపకులు ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే ఎన్‌పీటెల్‌లో చదివి క్రెడిట్ బదిలీ చేసుకునే వీలున్నదని కూడా చాలామంది పిల్లలకు గడువు దాటిన తరువాతే తెలుస్తోంది.

ఉద్యోగాల విషయంలోనూ ఇదే ఆలస్యం. ఎంటెక్ ప్రవేశాలకూ కొన్ని ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగాలకూ పనికివచ్చే గేట్ రాయడానికి మూడో ఏడాదిలోనే అర్హత ఉంది, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. 100 మార్కుల్లో 72 సబ్జెక్టుకు, 13 గణితానికి, 15 ఆప్టిట్యూడ్‌కు. యూపీఎస్సీ నిర్వహించే ఇంజినీరింగ్ సర్వీసెస్ పరీక్ష తీరు వేరు: ఇంటర్వ్యూతో కలిపి 1300 మార్కులు, వర్ణనాత్మక జవాబులు, జనరల్ స్టడీస్. రాష్ట్ర సర్వీస్ కమిషన్ల ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) నోటిఫికేషన్లు ఎప్పుడు వస్తాయో ఎవరూ చెప్పలేరు. ఈ మూడింటికీ ఒకే రకంగా చదివితే చాలదు. అదే మూడో ఏడాదిలో ప్రాంగణ నియామకాల శిక్షణ పేరుతో సివిల్ పిల్లలను కూడా కోడింగ్ తరగతుల్లో కూర్చోబెడుతున్నారు, ఏ బ్రాంచివారినైనా తీసుకునే సాఫ్ట్‌వేరు సంస్థలు ఉన్నాయి కనుక. అటు వెళ్లడం తప్పని నేను అనను. ఇంటి అప్పు తీర్చవలసిన పిల్లవాడికి ఏఈఈ నోటిఫికేషను కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడమని చెప్పే హక్కు నాకు లేదు. అయితే అది ఇంటి పరిస్థితి, ఆసక్తి, మార్కులు చూసుకుని అతను తీసుకున్న నిర్ణయమై ఉండాలి. కళాశాల నియామకాల అంకె పెరగడం కోసం టైంటేబుల్ తీసుకున్న నిర్ణయం కారాదు. ఆడపిల్లలకు "సైటు పని మీకు పడదు" అనే ఉచిత సలహా మాత్రం అడగకుండానే, కొన్నిసార్లు అధ్యాపకుల నోటి నుంచే, అందుతూ ఉంటుంది. డిజైను కార్యాలయాల్లోనే కాక సైట్ల మీద కూడా మహిళా ఇంజినీర్లు పనిచేస్తున్న ఈ రోజుల్లో ఆ మాట అనేవారు ఒకసారి బయటికి వచ్చి చూడాలి.

మెంటర్లు ఉన్నారు కదా అని కళాశాలలవారు అంటారు. ఉన్నారు. కళాశాలలకు గ్రేడు ఇచ్చే న్యాక్ మూల్యాంకనంలో మెంటరుకు ఎందరు విద్యార్థులన్న ప్రశ్న ఉంది కాబట్టి ప్రతి కళాశాలలోనూ ఒక్కొక్క అధ్యాపకుడికి ఇరవై మంది పేర్లు రాసిన జాబితా, ఒక కౌన్సెలింగ్ రిజిస్టరు ఉంటాయి. తనిఖీ బృందం వస్తుందనగానే ఆ రిజిస్టర్లు బయటికి వస్తాయి; రెండేళ్ల సమావేశాల తేదీలు ఒకే కలంతో, ఒకే రోజున పూర్తవుతాయి. "హాజరు మెరుగుపరచుకోవలసిందిగా సూచించడమైనది" అనే వాక్యం పేజీ తరువాత పేజీలో కనిపిస్తుంది. అధ్యాపకులది పూర్తిగా తప్పనడం న్యాయం కాదు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు నిబంధనల ప్రకారం వారానికి 16 గంటల బోధన. ప్రైవేటు కళాశాలల్లో దానిపైన అడ్మిషన్ల ప్రచారం, పరీక్షల విధులు, అక్రెడిటేషను ఫైళ్లు. విద్యార్థితో మాట్లాడిన గంట ఏ లెక్కలోనూ చేరదు.

విశ్వవిద్యాలయాలు తలచుకుంటే ఇది చక్కదిద్దలేనిది కాదు. ఐఐటీల్లో ప్రతి విద్యార్థికీ ఒక ఫ్యాకల్టీ అడ్వైజర్ ఉంటారు. అమెరికాకు ఎంఎస్‌కు వెళ్లిన మన పిల్లలను అడిగితే, అక్కడి చాలా విశ్వవిద్యాలయాల్లో అడ్వైజర్‌తో మాట్లాడకపోతే సెమిస్టరు రిజిస్ట్రేషనే తెరుచుకోదని చెబుతారు. మన దగ్గర కనీసం ఎలెక్టివ్ నమోదు, సప్లిమెంటరీ ఫీజు, ఇంటర్న్‌షిప్ అనుమతి అనే మూడు పత్రాలకైనా సలహాదారు రాసిన నాలుగు వాక్యాలు జతపరచాలని నిబంధన పెట్టవచ్చు. ఆ వాక్యాలు ఆ విద్యార్థి మార్కులను ప్రస్తావించాలి, అచ్చు వేసిన ముక్కలై ఉండకూడదు. అధ్యాపకుడి పనివేళల్లో వారానికి రెండు గంటలు ఇందుకే కేటాయించి, ఆ మేరకు బోధన తగ్గించాలి. ఏ కళాశాల ఏ ఎలెక్టివ్‌లను వాస్తవంగా నడిపిందో ఏటా వెబ్‌సైట్‌లో పెట్టించాలి. అప్పుడు మీ పత్రికలో వచ్చే కౌన్సెలింగ్ పేజీలలో ఫీజు, నియామకాల అంకెల పక్కన ఆ సమాచారమూ వేయవచ్చు. సీటు ఎంచుకునే తల్లిదండ్రులు ఆ వరుస చూసి ప్రశ్నలు అడగడం మొదలుపెడితే, యాజమాన్యాలు విశ్వవిద్యాలయం ఉత్తర్వు కంటే ముందే కదులుతాయని నా అనుభవం.

ఇట్లు,
విశ్రాంత సివిల్ ఇంజినీరింగ్ అధ్యాపకుడు,
కాకినాడ