వార్షిక నివేదిక: 1940 జూన్ నాటి గ్రూప్ ఫ్రాంక్‌లు, సోమ్యూర్ బల్ల

సభ్యులందరికీ నమస్కారం. నమూనా సైనిక బండ్లు కట్టి, బల్ల మీద యుద్ధ ఆటలు ఆడే మన సంఘం ఈ ఏడాది ఎక్కువ సమయం పెట్టింది 1940 జూన్‌లో ఫ్రెంచ్ అశ్వికదళం హడావుడిగా కూర్చిన గ్రూప్ ఫ్రాంక్‌ల మీదే. డంకర్క్ నుంచి సేనల తరలింపు తర్వాత మిగిలిన సిబ్బంది, డిపోల్లోని కుర్రాళ్లు, ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చిన బండ్లు: వీటితో అల్లిన చిన్న దళాలివి. లువార్ నది ఒడ్డున ఉన్న సోమ్యూర్‌లో కర్నల్ మిషోన్ కింద అశ్వికదళ పాఠశాల విద్యార్థులు జూన్ 18 రాత్రి నుంచి 20 వరకు జర్మన్ 1వ అశ్వికదళ డివిజన్‌ను అడ్డుకున్నప్పుడు, కెప్టెన్ ద నషేజ్ గ్రూప్ ఫ్రాంక్ వారికి తోడుగా ఉంది. మన ఆట బల్లకు దాన్నే ఎంచుకున్నాం.

స్కేలు 1/72. మన జాబితాలో 5 హాచ్‌కిస్ హెచ్39 ట్యాంకులు, 3 పనార్ 178 కవచ కార్లు, లారీల్లో డ్రాగన్లు (దిగి కాలినడకన పోరాడే అశ్వికదళ సైనికులు), సైడ్‌కార్ మోటార్‌సైకిళ్లు, రెండు 25 మి.మీ. ట్యాంకు నిరోధక తుపాకులు. లారీలన్నిటికీ సైనిక రంగు వేయవద్దని సభ్యులకు మనవి. ఫ్రాన్స్‌లో అప్పుడు పౌరుల లారీలు విరివిగా స్వాధీనం చేసుకున్నారు. ఒకటి రెండు అసలు రంగులోనే ఉంటేనే దళం నిజంగా ఏరుకొచ్చినట్టు కనిపిస్తుంది.

ఎక్కువగా పాడైంది 25 మి.మీ. తుపాకీ గొట్టం. అసలుది 1.8 మీటర్లు, అంటే మన స్కేలులో 25 మి.మీ. రెజిన్‌లో అంత సన్నని గొట్టం వంగుతుంది, రవాణాలో విరుగుతుంది. దాన్ని కోసేసి, 0.8 మి.మీ. రంధ్రం 3 మి.మీ. లోతున తొలిచి, ఇత్తడి తీగను సూపర్ గ్లూతో బిగించండి. రెజిన్ భాగాలను ముందే సబ్బు నీళ్లతో కడగాలి. అచ్చులోని జిడ్డు మిగిలితే ప్రైమర్ పొరలా లేచిపోతుంది.

నియమాల్లో పెద్ద మార్పు హెచ్39కి. టరెట్‌లో (పైన తిరిగే తుపాకీ గదిలో) కమాండర్ ఒక్కడే చూడాలి, గుండు నింపాలి, గురిపెట్టాలి, కాల్చాలి. అందుకే ఒక టర్న్‌లో కాల్పులో, ఆదేశమో, ఏదో ఒకటే. మొదట్లో రెండూ అనుమతించాం. ట్యాంకులు జర్మన్ పాంజర్ ట్యాంకుల్లా చురుగ్గా కదిలి ఆట చెడింది. ఈ దళాల బలహీనత కవచంలో కాదు, ఒకరికొకరు కొత్తవాళ్లు కావడంలో ఉంది. వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన ప్లటూన్‌లు కలిసి కదలాలంటే ఇప్పుడు పాచికలో 4 లేదా ఎక్కువ పడాలి.

లువార్ నదిని స్కేలుకు తగ్గట్టు వేయడం కుదరదు. 100 మీటర్ల నీటికే దాదాపు 1.4 మీటర్ల బల్ల కావాలి, ఆ నది అంతకన్నా చాలా వెడల్పు. 45 సెం.మీ.కి కుదించి, పడవలు దాటడానికి 3 టర్న్‌లు పెట్టాం. జెన్ ఊరి దగ్గరి ద్వీపం మాత్రం తప్పనిసరి.

వచ్చే ఏడాది లఫ్లీ డబ్ల్యూ15 టీసీసీ (ట్యాంకులను వేటాడే చక్రాల బండి) కడతాం. దాని 47 మి.మీ. తుపాకీ వెనక్కి చూస్తుంది. కాల్చే ముందు బండిని రివర్స్‌లో స్థానానికి తేవాలి, అందుకు ఒక టర్న్ పోతుంది. మోడల్ కొనేవారు తుపాకీ ముందుకు అతికించకుండా చూసుకోండి.