కొండ మీద ఒక రూలు, కొండ కింద ఇంకొకటా?

అయ్యా,

పోయిన వారం మీ జిల్లా పేజీలో వానాకాలానికి ముందే కాలువల పూడికతీత పూర్తయిందని వార్త వేశారు. పక్కనే పార పట్టుకున్న అధికారుల ఫొటో. అప్పుడే రాద్దామనుకుని, ఎందుకులే అని ఊరుకున్నాను. మొన్న రాత్రి వాన పడ్డాక ఊరుకోబుద్ధి కాలేదు.

పూడిక తీసిన మాట నిజమే. తీసి ఎక్కడ పోశారో వార్తలో లేదు. తిరుపతిలో మా వీధిలో అయితే కాలువ గట్టు మీదే కుప్పలు పోశారు. ఎండితే గానీ ట్రాక్టరు రాదట. ఎండింది, దుమ్మయి మా ఇళ్లలోకి వచ్చింది, ట్రాక్టరు మాత్రం రాలేదు. దానికంటే ముందు వానే వచ్చింది. నల్ల బురద, టీ కప్పులు, బిర్యానీ డబ్బాలు, కొబ్బరి బోండాలు, చంటిపిల్లల డైపర్లు అన్నీ మళ్లీ కాలువలోకే దిగాయి. రెండో బిల్లు కూడా సిద్ధమయ్యే ఉంటుంది!

కాలువలో పడిందంతా తూకివాకం మురుగుశుద్ధి ప్లాంటుకు పోయి శుభ్రమవుతుందని చాలామంది భ్రమ. అక్కడ శుభ్రం చేసేది భూగర్భ డ్రైనేజీలో వచ్చే మురుగును. రోడ్డు పక్క వాన కాలువకు అలాంటి ఏర్పాటేమీ లేదు. కొండ నుంచి దిగే నీరైనా, రోడ్డు మీద పారే నీరైనా ఏ చెరువులోకో, స్వర్ణముఖి నదిలోకో చేరాల్సిందే. ఎండాకాలమంతా రోడ్డు మీద పేరుకున్న ఆయిలు, టైర్ల పొడి, పేడ, ప్లాస్టిక్ మొదటి వానకే కొట్టుకుపోతాయి. అన్నిటికంటే పాడు నీళ్లు ఆ మొదటి కాసేపట్లో పారేవే.

ఒక మెకానిక్ షెడ్డు ముందు కుర్రాడు బండిలోంచి తీసిన ఇంజనాయిల్ డబ్బాను నింపాదిగా కాలువలో వంచుతున్నాడు. నీళ్ల మీద నీలం, ఊదా రంగుల తెట్టె పరుచుకుంది. ఇదేంది నాయనా అంటే, "వానొస్తే పోతాది లే సార్" అన్నాడు. పోతాది. తిరుచానూరు దాటి, శ్రీకాళహస్తి గుడి పక్కగా పోతాది. ఆ కుర్రాణ్ణి అని ఏం లాభం? రాత్రిపూట సెప్టిక్ ట్యాంకు లారీలు ఇవే కాలువల్లో గొట్టం పెట్టి ఖాళీ చేసి పోతుంటే అడిగే దిక్కు లేదు. ఫోన్‌లో ఫిర్యాదు పెడితే, మనిషి రాకుండానే "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ వస్తుంది. ఈమధ్య ఆఫీసుల్లో చురుగ్గా జరిగే పని అదొక్కటే. పాత రోజుల్లో అర్జీ ఇస్తే కనీసం ఒక బంట్రోతైనా వచ్చి చూసిపోయేవాడు.

ఏడాదిలో ఎక్కువ నెలలు స్వర్ణముఖిలో ఇసుకే గదా, పాడయ్యేదేముంది అని ఒక పెద్దమనిషి నాతో వాదించాడు. 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం చదివితే తెలుస్తుంది. తాత్కాలికంగా ఎండిన వాగు కూడా ఆ చట్టం కింద ప్రవాహమే. అందులో కాలుష్య పదార్థాలు వదలకూడదని 24వ సెక్షన్ చెబుతోంది. ఆ ఇసుక కిందికి ఇంకే నీళ్లే ఒడ్డున ఊళ్ల బోర్లలోకి వస్తాయి. ఇక 2021 నవంబరులో తిరుచానూరు దగ్గర ఒడ్డున ఉన్న ఇల్లు నదిలోకి కూలిపోవడం దేశమంతా టీవీల్లో చూసింది. వాగులను ఆక్రమించి, మిగిలిన దారిని చెత్తతో మూస్తే నీళ్లు ఎటు పోవాలి?

అలిపిరిలో ప్లాస్టిక్ నీళ్ల సీసా కనబడితే అక్కడే తీయించేస్తారు. మంచి పని. అదే భక్తుడు కొండ దిగి బస్టాండు దగ్గర అలాంటి సీసానే కాలువలో విసిరితే మాత్రం ఎవరికీ పట్టదు. కొండ పవిత్రం, కొండ నీళ్లు పారే కాలువ కాదా?

కొత్త పథకాలు, గోడల మీద బొమ్మలు మాకు అక్కర్లేదు. తీసిన పూడికను అదే రోజు లారీకెక్కించండి. కాలువలు చెరువులో, నదిలో కలిసేచోట చెత్త ఆగేలా ఇనుప జాలీలు పెట్టి, వాన వెలిసిన ప్రతిసారీ వాటిని శుభ్రం చేయించండి. దొరికిన సెప్టిక్ లారీని సీజ్ చేయండి. ఇప్పటిదాకా ఎందరికి జరిమానా వేశారో ఆ లెక్క మీ పత్రికలోనే ప్రకటించమనండి. మన జిల్లాకు పెద్ద వానలు అక్టోబరు తర్వాతే. ఆలోగా చేయాలి.

— ఒక పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి